లేడీస్ హాస్టల్‌కి పెట్టించిన సీసీ కెమెరాలు: నా రివ్యూ

ఆరు కెమెరాలు, ఎనిమిది ఛానళ్ల డీవీఆర్ (కెమెరా బొమ్మల్ని రికార్డు చేసే డబ్బా), 4 టీబీ హార్డ్ డిస్క్, వైరింగ్, బిగింపు కూలీ అన్నీ కలిపి 35 వేల దాకా అయ్యింది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే మంచీచెడ్డా ఈ ధరలో దొరికే ఏ సెట్టుకైనా దాదాపు ఇలాగే ఉంటాయి. ఇంటికీ, కిరాణా కొట్టుకీ కెమెరాలు కొనేవాళ్ల కోసం రివ్యూలు బోలెడున్నాయి. ఆడపిల్లల హాస్టల్ నడిపేవాళ్లకు పనికొచ్చేది మాత్రం నాకు కనపడలేదు.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో చైతన్యపురి వైపు సందు. నాలుగంతస్తులు, డెబ్బై మంది దాకా పిల్లలు. గ్రూప్స్‌కీ, ఎస్సై పరీక్షకీ, బ్యాంకు పరీక్షలకీ చదివేవాళ్లు, సాఫ్ట్‌వేర్ కోర్సులకు వచ్చినవాళ్లు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు పిల్లలే ఎక్కువ. అందరికీ నేను ఆంటీనే.

ముందు బొమ్మ సంగతి. ఇవి 2 మెగాపిక్సెల్ కెమెరాలు. పగలు చక్కగా కనపడుతుంది. గేటు దాటే మనిషి మొహం గుర్తుపట్టొచ్చు, చేతిలో ఉన్నది కర్రీ పాయింట్ కవరో, కొరియర్ డబ్బానో తెలుస్తుంది. రాత్రి నలుపు తెలుపులోకి మారుతుంది. మొహం వరకు పర్వాలేదు. బండి నంబరు మాత్రం ఆశించకండి, హెడ్‌లైట్ ఎదురుగా పడితే ప్లేటు తెల్లటి మచ్చగా మిగులుతుంది. ఇంకో తలనొప్పి సాలీళ్లు. రాత్రి కెమెరా వెలుతురుకు పురుగులు చేరతాయి, ఆ పురుగుల కోసం సాలీళ్లు గూళ్లు కడతాయి. సాలీడు కదిలినప్పుడల్లా ‘మోషన్ డిటెక్టెడ్’ అంటూ ఫోన్ మోగుతుంది. కర్రకు గుడ్డ కట్టి అప్పుడప్పుడు దులుపుతుండాలి. డీవీఆర్‌ని ఇన్వర్టర్ లైనుకి కలిపించుకోండి. కరెంటు పోయినప్పుడే కదా అసలు కెమెరా కావాల్సింది.

హార్డ్ డిస్క్ దగ్గర మోసపోకండి. బిగించడానికి వచ్చినాయన ‘1 టీబీ చాలు మేడమ్’ అన్నాడు. లెక్క వేసి చూడండి. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21 జీబీ పైనే. ఆరింటికి 130 జీబీ. అంటే 1 టీబీ వారంలో నిండిపోయి పాత రికార్డింగు మీదే కొత్తది పడుతుంది. 4 టీబీ అయితే నెల వస్తుంది.

నెల రోజులే ఎందుకంటే, 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం అదే చెప్తుంది. ఒకేసారి వంద మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చిపోయే చోటు ఏదైనా, అది షాపయినా, గుడయినా, కాలేజీ అయినా, ఆస్పత్రి అయినా, కెమెరాలు పెట్టాలి, 30 రోజుల ఫుటేజీ ఉంచాలి. ఆ ప్రాంతం ఇన్‌స్పెక్టర్ అడిగితే ఇవ్వాలి. మా హాస్టల్ ఆ లెక్కకు అందదు. అయినా కాలనీ మీటింగులకు వచ్చే పోలీసువాళ్లు ఒక కెమెరా వంద మంది పోలీసులతో సమానమని చెప్తూనే ఉంటారు. హాస్టళ్లు, షాపులు, అపార్టుమెంట్లు అన్నీ పెట్టుకోవాలని ఒత్తిడి ఉంది. నేను ఒత్తిడికి పెట్టలేదు. పెట్టాలనిపించే పెట్టాను.

ఎందుకనిపించిందో చెప్పాలంటే 2013 ఫిబ్రవరి 21 చెప్పాలి. సాయంత్రం ఏడింటప్పుడు నేను వంటింట్లో ఉన్నా. ముందొక చప్పుడు, కాసేపటికే ఇంకోటి. 107 బస్టాపు దగ్గర ఒకటి, ఏ వన్ మిర్చి సెంటర్ దగ్గర ఒకటి. సైకిళ్లకు కట్టిన బాంబులు. 18 ప్రాణాలు పోయాయి, వందమందికి పైగా గాయపడ్డారు. పోయినవాళ్లలో చదువుకోవడానికి వచ్చిన పిల్లలూ ఉన్నారు. మా పిల్లలు రోజూ బజ్జీలు తినే చోటది. ఫోన్లు కలవవు. ఊళ్ల నుంచి అమ్మానాన్నలు ల్యాండ్‌లైనుకు ఒకటే ఫోన్లు. రిజిస్టర్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్కళ్లు వచ్చినప్పుడల్లా పేరు పక్కన టిక్కు పెట్టుకున్నా. మావాళ్లందరూ వచ్చారు. పక్క సందు హాస్టల్లో ఆ రాత్రి ఇద్దరు పిల్లల కోసం ఉస్మానియా ఆస్పత్రికి పరిగెత్తారు.

ఆ కేసులో ఐదుగురికి 2016 డిసెంబరులో ఎన్ఐఏ (ఉగ్రవాద కేసులు చూసే కేంద్ర దర్యాప్తు సంస్థ) కోర్టు ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. కాబట్టి ‘ప్రైవసీ అండీ, ఈ కెమెరాలన్నీ ఎందుకండీ’ అని చల్లగా ఎవరైనా అంటే నాకు చిరాకే. బాంబు పేలిన సందులో బతికిన మనిషికి ఆ మాట అంత సులభంగా రాదు.

కానీ కెమెరాలు పెట్టాక, వాటి వెనక ఎవరున్నారో చూసుకోవడం మొదలుపెట్టాక, సంగతి మారింది. రివ్యూలో ముఖ్యమైన భాగం ఇదే. తొందరలో ఉన్నవాళ్లు పైవన్నీ వదిలేసి ఇది చదవండి.

కెమెరాలు బిగించిన కొన్నాళ్లకు, సాఫ్ట్‌వేర్ కోర్సు చేసే మా పిల్ల ఒకతి ‘ఆంటీ, ఒకసారి ఫోనివ్వండి’ అని యాప్ తెరిచింది. సెట్టింగుల్లో, ఈ డీవీఆర్‌ని ఎవరెవరు చూడొచ్చో పేర్లుంటాయి. అందులో నా నంబరు ఉంది. దానికన్నా పైన, అడ్మిన్‌గా, బిగించినాయన నంబరుంది. అంటే మా గేటు, మా మెట్లు, మా వరండా ఆయన తన ఇంట్లో కూర్చుని ఎప్పుడు పడితే అప్పుడు చూడొచ్చు. చూశాడని అనను. చూడలేదని నమ్మడానికీ నా దగ్గర ఏమీ లేదు. ఫోన్ చేస్తే ‘సర్వీసు కోసం మేడమ్, అందరికీ అలాగే పెడతాం’ అన్నాడు. అందరికీ! ఈ ఏరియాలో ఎన్ని హాస్టళ్లున్నాయో ఆలోచించండి. ఆ రోజే ఆయన్ని పిలిపించి, నా ఎదురుగా డీవీఆర్‌ని రీసెట్ చేయించి, అడ్మిన్ నా పేరున పెట్టించి, పాస్‌వర్డ్ నేనే కొట్టుకున్నా. అది మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయనకు కొంచెం కోపమే.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే పాస్‌వర్డ్ అలాగే వదిలేస్తే ఏమవుతుందో కూడా ఆ పిల్లే చెప్పింది. 2016 అక్టోబరులో అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదట. మిరాయ్ అనే ప్రోగ్రామొకటి, పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్ని, డీవీఆర్‌లని వేలకు వేలు వశం చేసుకుని ఆ పని చేయించింది. మన గేటు మీది కెమెరా మనకే తెలియకుండా ఇంకెవరి మీదో దాడి చేయగలదన్నమాట. కొనేటప్పుడు ఎస్.టి.క్యూ.సి. (కేంద్ర ప్రభుత్వ పరీక్షల విభాగం) పరీక్ష పాసైన మోడలేనా అని అడగండి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు కేంద్రం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. షాపుల్లో పాత స్టాకు ఉండొచ్చు, ‘సేమ్ మేడమ్, ఇది చీప్’ అంటారు. వద్దనండి.

ఈ కెమెరాల్లో మైకు కూడా ఉంటుంది. డబ్బా మీద అదొక గొప్పగా రాశారు. వరండా కెమెరా కింద నిలబడే పిల్లలందరూ ఇంటికి ఫోన్లు చేసుకునేది. సిగ్నల్ అక్కడే బాగుంటుంది మరి. దొంగను పట్టుకోవడానికి ఆడపిల్ల వాళ్లమ్మతో ఏం మాట్లాడిందో అక్కర్లేదు. ఆరింటికీ ఆడియో ఆపేశా. కెమెరాలు గేటు, మెట్లు, వంటింటి వెనక తలుపు, పార్కింగు, వరండా, మేడ మీద నీళ్ల ట్యాంకు దగ్గర. గదుల వైపు, బాత్రూముల వైపు ఏ మూలా కనపడకుండా పిల్లల్నే ఇద్దర్ని టీవీ ముందు కూర్చోబెట్టి తిప్పించా. బట్టలారేసుకునే చోటు కనపడుతోందని మేడ మీది దాన్ని మళ్లీ పక్కకు తిప్పారు.

ఇక పోలీసుల సంగతి. మా సందులో బైకు పోయింది. లోకల్ ఎస్సై వచ్చి, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 94 కింద నోటీసిచ్చి, ఫలానా రాత్రి రెండు నుంచి నాలుగు దాకా గేటు కెమెరా ఫుటేజీ కావాలన్నారు. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. దాంతోపాటు సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ మీద సంతకం చేయాలి, ఫైలు మారలేదని చెప్పే హ్యాష్ నంబరు దాంట్లో ఉండాలి. అదంతా వాళ్లే చూసుకున్నారు. పావుగంట పని. బైకు దొరికింది కూడా. కెమెరాకు ఫుల్ మార్కులు ఇవ్వాల్సిన రోజది.

ఇంకోరోజు మామూలు బట్టల్లో ఒకాయన వచ్చాడు. మా అమ్మాయి ఒకతి పేరు చెప్పి, పోయిన వారమంతా ఆ పిల్ల ఎన్నింటికి వెళ్లింది, ఎన్నింటికి వచ్చింది, ఎవరు దింపి వెళ్లారు, మొత్తం ఫుటేజీ కావాలన్నాడు. ఏ కేసు సార్ అంటే, ‘టెర్రరిస్టు మ్యాటరమ్మా, సెక్యూరిటీ విషయం, బయటికి చెప్పకూడదు’ అన్నాడు. గుండె జారింది. 107 బస్టాపు కళ్ల ముందు కనపడింది. ఇచ్చేద్దామనే అనిపించింది, నిజం. అయినా నోటి నుంచి అలవాటుగా ‘కాగితం ఇవ్వండి సార్, ఇప్పుడే ఇస్తా’ అని వచ్చింది. ‘దేశం విషయంలో కూడా కాగితాలా’ అని కోప్పడ్డాడు. సాయంత్రం వస్తానన్నాడు. రాలేదు. మా ఇన్‌స్పెక్టర్‌గారికి ఫోన్ చేస్తే, మావాళ్లెవరూ రాలేదమ్మా, ఇంకోసారి వస్తే కూర్చోబెట్టి నాకు ఫోన్ చేయండి అన్నారు. ఆయనెవరో ఇప్పటికీ తెలీదు. ఆ పిల్లను అడిగితే మొహం పాలిపోయింది. నేను ఎక్కువ తవ్వలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్ద వాదన. మా దగ్గర లా చదివిన అమ్మాయి ఉంది, జ్యుడీషియరీకి ప్రిపేరవుతోంది. దాని రూమ్మేటు ఎస్సై పరీక్షకి. ఇద్దరూ కంచాలు పట్టుకునే కొట్టుకుంటారు.

‘టెర్రరిస్టు కాగితం ఇచ్చి వస్తాడా అక్కా? పోలీసులకు ప్రతిదానికీ నోటీసు అంటే ఈలోపు వాడు బోర్డర్ దాటేస్తాడు’ అంది ఎస్సై పిల్ల.

‘పోలీసు టెర్రరిస్టు కాదు కదే, కాగితం ఇవ్వడానికి ఏం పోయింది?’ అంది లా పిల్ల.

లా పిల్ల అక్కడితో ఆగలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారని, సర్కారు దాంట్లో వేలు పెట్టాలంటే దానికో చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదని చెప్పిందది. అవును గానీ, 2023 డేటా చట్టంలో దేశ భద్రత కోసం కొన్ని సంస్థలకు కేంద్రం మినహాయింపు ఇచ్చుకోవచ్చని కూడా ఉందిగా అని ఎస్సై పిల్ల. ఉంది, అదే తప్పంటున్నా అని లా పిల్ల. మన దగ్గరే లాక్‌డౌన్లో ఒక సామాజిక కార్యకర్తను రోడ్డు మీద ఆపి, మాస్కు తీయించి ఫొటో తీశారని, పోలీసులు మొహాలు గుర్తుపట్టే టెక్నాలజీ ఏ చట్టం కింద వాడుతున్నారని ఆయన హైకోర్టుకు వెళ్లారని చెప్పింది. ‘తప్పు చేయనివాడికి ఫొటో తీస్తే ఏంటి?’ అని ఎస్సై పిల్ల. అప్పుడు లా పిల్ల మక్కా మసీదు సంగతి ఎత్తింది.

అది నాకూ తెలుసు. ఈ పిల్లలప్పుడు చిన్నవాళ్లు. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది పోయారు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. మూడు నెలలకే లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు. ఆ రోజుల్లో పాతబస్తీ నుంచి కుర్రాళ్లను పదులకొద్దీ తీసుకెళ్లారు. ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. హింసించారని మైనారిటీల కమిషన్ నియమించిన లాయరు రవిచందర్‌గారు నివేదిక ఇచ్చారు. తర్వాత వాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా బయటికి వచ్చారు. 2011లో రాష్ట్ర ప్రభుత్వం కొందరికి 3 లక్షల చొప్పున, కొందరికి 20 వేల చొప్పున పరిహారం ప్రకటించింది. మంచివాళ్లేనని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. మక్కా మసీదు కేసులో విచారణ జరిగిన నిందితులను కూడా 2018 ఏప్రిల్లో కోర్టు వదిలేసింది. ఆ పద్నాలుగు మంది చావుకు శిక్ష పడినవాడు లేడు.

నాకు అందులో అర్థమైంది ఒకటే. ఆ కుర్రాళ్లను కాగితం లేకుండా తీసుకెళ్లారు. తీసుకెళ్లినట్టు రాసి ఉంటే, ఎవరు తీసుకెళ్లారు, ఏ కారణం అని ఒక సంతకం ఉంటే, పొరపాటు మొదటి వారంలోనే బయటపడేది. అసలువాళ్ల వెనక పరిగెత్తడానికి టైం మిగిలేది. దిల్‌సుఖ్‌నగర్ కేసు మూడేళ్ల పైన నడిచింది. సాక్షులు, కాగితాలు, కోర్టు, అన్నీ అయ్యాయి. అందుకే హైకోర్టులోనూ నిలబడింది. ఎస్సై పిల్ల దీనికి ఒప్పుకోలేదు. ‘కేసు నిలబడటం వేరు ఆంటీ, బాంబు పేలకుండా ఆపడం వేరు’ అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. లా పిల్ల దగ్గర కూడా అప్పటికి లేదు, పెరుగన్నం తింటూ కూర్చుంది.

అందుకని నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ప్రాణం మీదికొచ్చిన సంగతైతే వెంటనే టీవీ ముందు కూర్చోబెట్టి చూపిస్తా, కాగితం అదే రోజు తర్వాత ఇవ్వొచ్చు. ఒకసారి ఒక పిల్ల రాత్రి పదైనా రాలేదు, ఫోన్ స్విచాఫ్. పోలీసులొచ్చారు. నేను ఏ నోటీసూ అడగలేదు. సాయంత్రం బ్యాగుతో ఆటో ఎక్కడం గేటు కెమెరాలో కనపడింది, ఎంజీబీఎస్ బస్టాండుకి వెళ్లి ఊరి బస్సెక్కిందని తేలింది. చార్జింగు అయిపోయిందట, తిట్టాను. ప్రాణం మీదికి రాని సంగతైతే కాగితం ముందు, ఫుటేజీ తర్వాత. అడిగిన కెమెరా, అడిగిన గంటలు మాత్రమే. ఎవరు చూశారు, ఎందుకు చూశారు, ఏ టైం నుంచి ఏ టైం దాకా అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసి సంతకం తీసుకుంటా. నేను చూసినా రాస్తా. ఆ పుస్తకం మెస్ హాల్లో ఉంటుంది, పిల్లలెవరైనా తిరగేయొచ్చు. ఎస్సైగారు మొదటిసారి పుస్తకం చూసి నవ్వి, ‘మా స్టేషన్ జనరల్ డైరీ కంటే నీట్‌గా ఉందమ్మా’ అని సంతకం పెట్టారు.

మార్కులు: బొమ్మకు ఐదుకు నాలుగు. రాత్రి బొమ్మకు రెండున్నర. యాప్‌కి మూడు, కానీ ఎవరెవరు చూస్తున్నారన్న పేజీని అంత లోపల దాచినందుకు ఒకటి కోసేస్తున్నా. బిగించినాయనకు సున్నా ఇద్దామనుకున్నా, వైరింగు మాత్రం శుభ్రంగా చేశాడు కాబట్టి ఒకటి. హార్డ్ డిస్క్ ఇప్పటివరకు ఇబ్బంది పెట్టలేదు.

కష్టమల్లా తల్లిదండ్రుల దగ్గర. వాళ్లకూ యాప్ లాగిన్ కావాలి. ‘మా అమ్మాయి ఎన్నింటికొచ్చిందో నేనే చూసుకుంటా మేడమ్, మీకు శ్రమ ఎందుకు’ అంటారు. వాళ్లమ్మాయిని చూడాలంటే మిగతా డెబ్బై మందినీ చూడాలి. ఇవ్వనని చెప్తాను. చాలామంది సర్దుకుంటారు. పోయిన నెల ఒకాయన సర్దుకోలేదు. అవతలి వీధి హాస్టల్లో ప్రతి పేరెంటుకీ లాగిన్ ఇస్తున్నారని చెప్పి, కూతుర్ని సామానుతో సహా అక్కడికి మార్చేశాడు. పిల్ల ఏమీ అనలేదు, అడ్వాన్సు తిరిగిచ్చేశా.

రెండో అంతస్తులో త్రీ షేరింగ్ గదిలో ఆ బెడ్ ఖాళీ. కిటికీ పక్కది. నెలకు 6,500, మూడు పూటలా భోజనం కలిపి. ఆదివారం చికెన్. లాగిన్ ఇవ్వబడదు.